మొట్టమాడి మీద వెదురు ఏరియల్

తిరుత్తణిలో మా నాన్న కట్టిన ఇల్లు చిన్నదే కాని, వెనక దొడ్డి మాత్రం బాగా పొడుగ్గా ఉండేది. ఆ దొడ్డిలో ఈ చివర వేపచెట్టుకూ ఆ చివర కొబ్బరిచెట్టుకూ మధ్య ఒక రాగితీగ కట్టాను. పెళ్ళి కాకముందు నా సాయంత్రాలన్నీ ఆ తీగ కిందే గడిచాయి. దాన్ని రేడియోకి తగిలిస్తే కలకత్తా పలికేది, కొచ్చిన్ పలికేది, ఒక్కోసారి సముద్రం అవతలి ఊళ్ళు కూడా పలికేవి.

అమెచ్యూర్ రేడియో అంటే మా వీధిలో ఎవరికీ తెలియదు. సర్కారు పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లోంచే ఒక చిన్న రేడియో స్టేషను నడుపుకోవడం అది. అందులో వ్యాపారం లేదు, పాటలు లేవు. మనలాగే ఆ పిచ్చి పట్టినవాళ్ళు ఎక్కడో కూర్చుని పిలుస్తారు, మనం జవాబిస్తాం. నీ గొంతు బాగా వినిపిస్తోంది, మా ఊళ్ళో వాన పడుతోంది, నా ఏరియల్ ఫలానాది, అని చెప్పుకుంటాం. ఇంత చిన్న ముచ్చటకి అంత తాపత్రయమా అని మా నాన్న నవ్వేవాడు. నవ్వుతూనే కొబ్బరిచెట్టు ఎక్కే మనిషిని పిలిచి తీగ కట్టించింది కూడా ఆయనే.

ఎనభైల మొదట్లో నాకు పెళ్ళయింది. అంబత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ పని దొరికింది. తిరుత్తణి నుంచి రోజూ వెళ్ళి రావడం కష్టమని తిరువళ్ళూరులో కాపురం పెట్టాం. పొడుగాటి ఒకే ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చారు. ముందుగది, వంటగది, అంతే. ముందు సందు, వెనక పక్కింటి గోడ. వీధివైపు కరెంటు తీగలు చేతికందేంత దగ్గరగా పోయేవి. చెట్టన్నది కనుచూపులో లేదు. నా రేడియో పెట్టెలు మంచం కింద చేరాయి. రాగితీగని చుట్టగా చుట్టి అటక మీద పడేశాను.

మిగిలిన చోటల్లా పైన ఉన్న డాబా. దాన్ని అక్కడందరూ తమిళంలో మొట్టమాడి అనేవాళ్ళు, మేమూ అలాగే అనేవాళ్ళం. అది నాలుగు కుటుంబాలదీ. బట్టలు ఆరేసే దండేలు సగం ఆక్రమించేవి. మిగతా సగం ఇంటి ఓనరు అవ్వ వడియాలకి. వడియాల మీద కాకి వాలితే కింద ముందుగదిలోంచే ఆమెకి తెలిసిపోయేది.

అవ్వది వ్యాపారుల కుటుంబం. భర్త లేడు, పిల్లలు లేరు. తమ్ముడు దగ్గరుండి కట్టించిన ఆ ఇంటి అద్దెలతో ఒంటరిగా బతికేది. కాస్త కటువు మనిషి. ఒకరోజు ధైర్యం చేసి, పైన ఒక ఏరియల్ పెట్టుకోవచ్చా అని అడిగాను.

"టీవీకా?"

"కాదవ్వా. నేను మాట్లాడే రేడియోకి. తీగ ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టాలి."

"అయ్యో, తీగ కట్టేస్తే బట్టలు యాడ ఆరేసేది, వడియాలు యాడ ఎండబెట్టేది? పైగా ఇడి పడతాది. వద్దప్పా, వద్దు."

ఇడి అంటే పిడుగు. అదీ నిజమే. అడ్డంగా కట్టినా ఆ తీగకి కావలసినంత పొడుగు అక్కడ లేదు. పక్కింటి గోడ దాటాలి, లేదా కరెంటు తీగల మీదికి పోవాలి. రెండూ కుదరవు.

మద్రాసులో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరైన ఇంజనీరు, మా అందరికంటే ముందు లైసెన్సు తీసుకున్నవాడు. ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళి నా గోడు చెప్పుకున్నాను. నా మాటలన్నీ విని, బల్ల మీదున్న గొడుగు తీసి నిట్టనిలువుగా నిలబెట్టాడు.

"అడ్డంగా చోటు లేకపోతే నిలువుగా పో. నిలువుగానూ అంత ఎత్తు వద్దంటే, తీగని కర్ర చుట్టూ చుట్టు. పొడుగాటి తీగ పొట్టి కర్ర మీద ఇముడుతుంది. కింద నేల మాత్రం మరచిపోకు. ఏరియల్ అడుగు నుంచి నాలుగు వైపులా తీగలు పరిస్తే అవే దానికి నేల. పిట్టగోడ వెంబడి పరిచేస్తే ఎవరి కాలికీ తగలవు."

చివర్లో ఇంకోటి చెప్పాడు. కర్ర కొసన కొన్ని లోహపు ఊచలు చక్రంలా విప్పి పెడితే ఏరియల్ ఇంకాస్త పొట్టిదైనా పనిచేస్తుందట. రైల్లో తిరిగొస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు ఆ గొడుగే ఉంది.

మా ఆవిడ పుట్టిల్లు పొదటూరుపేట. వాళ్ళది నేతపని. నేను వెదురు మీద తీగ చుట్టబోయి రెండుసార్లు చెడగొట్టాను. ఒకచోట తీగ ఒత్తుగా, ఒకచోట పలచగా వచ్చింది. పట్టు వదలగానే చుట్లన్నీ జారి కిందికొచ్చాయి. తను గుమ్మంలో కూర్చుని చూస్తూ చూస్తూ నవ్వాపుకోలేకపోయింది.

"అట్లా చేతిని తిప్పితే యాడ కుదురుతాది? కర్ర తిరగాల, చెయ్యి నిలబడాల. మా నాయన దగ్గరికి పోదాం రాండి."

మరుసటి వారం ఆ వెదురు కర్రని బస్సు పైన కట్టి పొదటూరుపేట తీసుకెళ్ళాం. మా మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దేనికి మాప్ళే?" అన్నాడు. మాప్ళే అంటే అల్లుడు. చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు కాని, "సరే, నూలైతేనేం, రాగైతేనేం," అని కర్ర రెండు కొసలకీ చీలలు కొట్టి, రెండు కొయ్యగుంజల మధ్య తిరిగేలా అమర్చాడు. ఆయన కర్రని మెల్లగా తిప్పుతుంటే మా ఆవిడ వేళ్ళ మధ్య తీగని బిగించి పట్టుకుని, కింది నుంచి పైకి జరుపుకుంటూ వచ్చింది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎక్కడా తేడా లేదు. నేను చుట్ట విప్పి తీగ అందిస్తూ కూర్చున్నాను. మగ్గాల చప్పుడులో మా మామ ఏదో పాత కథ చెబుతూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం అత్తగారింట్లో నాకు దక్కినంత సంతోషం మళ్ళీ ఏ పండక్కీ దక్కలేదు. సాయంత్రానికి వార్నిష్ పూసి ఎండబెట్టాం. మా అత్త దాన్ని చూసి, "కావడి మాదిరి ఉండాది," అంది.

అవ్వని ఒప్పించింది కూడా మా ఆవిడే. వడియాల పిండి కలపడానికి రోజూ పైకి వెళ్ళి సాయం చేసేది. నాలుగో నాడో ఐదో నాడో అవ్వే నన్ను పిలిచింది.

"నీ పెండ్లాము చెప్పినాది. కర్ర ఒకటేనంట, మూల్లో నిలబడతాదంట. నిజమా?"

"నిజమవ్వా. మూల వదిలి ఇటు రాదు."

"వానకాలంలో ఉరుములొస్తే?"

"అప్పుడు ఊడదీసి పడుకోబెడతాను. ఏరియల్‌కి ఎర్తు కూడా వేస్తాను."

"దండేనికి తగలకూడదు. నా వడియాల మీద నీడ పడకూడదు. పడిందో, తీసి సందులో పారేస్తా."

కొసన పెట్టడానికి ఊచలు కావాలంటే, తలుపు వెనక నుంచి గుడ్డ చిరిగిన పాత గొడుగు తెచ్చి ఇచ్చింది. దాని కమ్ములు ఒక్కొక్కటీ గీకి, తుడిచి, కర్ర కొసన విప్పి కట్టాను. మొట్టమాడి ఈశాన్యమూలలో నిలబెట్టి, పిట్టగోడ అడుగున చుట్టూ తీగలు పరిచాను. కింద వీధిలోంచి చూసేవాళ్ళకి బట్టలేని గొడుగు పట్టుకుని ఎవరో పైన నిలబడ్డట్టు ఉండేది.

వెంటనే పలకలేదు. మీటరు చూసుకుంటూ తీగ కొసని కొద్దికొద్దిగా కత్తిరించాలి. నేను కింద రేడియో దగ్గర, మా ఆవిడ పైన కత్తెరతో. మధ్యలో మెట్ల మీద అవ్వ. నేను "ఇంకొంచెం!" అంటే అవ్వ పైకి చూసి "ఇంకొంచమంట!" అని అరిచేది. ఏమాత్రం అక్కర లేనట్టు ముఖం పెట్టేది కాని, అక్కడి నుంచి మాత్రం కదల్లేదు. మీటరు ముల్లు దిగాల్సిన చోటికి దిగింది. ఆ సాయంత్రం కలకత్తా నుంచి ఒకాయన నా పిలుపుకి జవాబిచ్చాడు. గొంతు బాగుంది, ఏరియల్ ఏమిటి అన్నాడు. వెదురు కర్ర, గొడుగు కమ్ములు అని చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వు నా చెవుల్లో ఎంతసేపు మోగిందో!

ఆ తర్వాత అసలు గండం వచ్చిపడింది. మా లైనుకంతటికీ ఒక్క టీవీ, అది అవ్వది. ఆదివారం సాయంత్రం మద్రాసు టీవీలో సినిమా వస్తే నాలుగు పోర్షన్లూ ఆమె ముందుగదిలోనే. అలాంటి ఒక ఆదివారం నేనొక్కణ్ణే ఇంట్లో ఉండి రేడియో తెరిచాను. మైకులో పిలవడం మొదలెట్టిన కాసేపటికి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఆపండి, ఆపండి! హీరో నోరు తెరిస్తే మీ గొంతు వస్తా ఉండాది! బొమ్మంతా గీతలు!"

మూడో పోర్షను అక్క మరునాడు పొద్దున అవ్వ దగ్గర పంచాయితీ పెట్టింది. ఆ కర్ర తీయిస్తేగాని లాభం లేదంది. నేను తలవంచుకుని నిలబడ్డాను. తీసేస్తాననే మాట నోటిదాకా వచ్చింది. అవ్వ తాంబూలం నములుతూ అందరి మాటలూ విని, చివరికి తీర్పు చెప్పింది.

"సినిమా జరిగేటప్పుడు ఆ అబ్బాయి నోరు తెరవడు. మిగతా టైములో అది వాడిష్టం. కర్ర దాని మూల్లో అది నిలబడి ఉండాది, ఎవురికేం అడ్డం? పోండి, పనులు చూసుకోండి."

మద్రాసు పెద్దాయన్ని అడిగితే, రేడియోకీ ఏరియల్‌కీ మధ్య పెట్టాల్సిన ఫిల్టరు ఒకటి గీసిచ్చాడు. కాఫీపొడి డబ్బాలో దాన్ని అమర్చాక గీతలు పోయాయి. తర్వాత నేను మాట్లాడుతున్నప్పుడు మూడో పోర్షను అక్కే వచ్చి టీవీ ముందు కూర్చుని, "బొమ్మ తెలివిగా ఉండాది తమ్ముడూ," అని కేకేసి చెప్పింది. తెలివిగా అంటే స్పష్టంగా. కర్ర తీయించమన్న మనిషే అలా చెప్పింది.

ఇక అవ్వకి సంబంధించిన సంగతి చెప్పాలి.

ఒకరోజు పొద్దుగూకే వేళ మలేసియా స్టేషను ఒకటి వినిపించింది. ఇంగ్లీషులో పలకరించుకున్నాం. నేను పేరూ ఊరూ చెప్పగానే అటు మనిషి, "మీరు తెలుగువాళ్ళా?" అని తెలుగులో అడిగాడు. ఆ తెలుగు వేరుగా ఉంది. మా తాతల నాటి మాటలు, మధ్యమధ్య మలాయి మాటలు. తన తాత కొబ్బరితోటలో పనికి ఓడ ఎక్కి వెళ్ళాడట. పెరాక్‌లో తమవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారట. ఆయన బడిపంతులు.

పెరాక్ అన్న మాట సందులోకి వినబడిందేమో, వాకిట్లో కూర్చున్న అవ్వ లేచి వచ్చి మా గుమ్మం పట్టుకుని నిలబడింది. అంతవరకూ ఆమె మా గడప తొక్కలేదు.

"యాడన్నాడు? పేరా అన్నాడా?"

పెరాక్‌నే ఆమె పేరా అంటోంది. అప్పుడు తెలిసింది మాకు. కొత్త పెళ్ళికూతురుగా ఆమె భర్త వెంట అక్కడికే వెళ్ళింది. ఒక కొబ్బరితోట పక్కన ఆయన సరుకుల అంగడి పెట్టాడు. యుద్ధం వస్తుందని పుకారు లేచాక, ముందు నువ్వు పో, వెనకే నేనొస్తానని ఆమెను ఓడ ఎక్కించాడు. ఆయన రాలేదు. యుద్ధం అయిపోయాక ఎవరో తిరిగొచ్చినవాళ్ళు, జ్వరంతో పోయాడని చెప్పారు. అంతకు మించి ఏమీ తెలియదు. ఎక్కడ పోయాడో, పక్కన ఎవరున్నారో, నిప్పు ఎవరు పెట్టారో, అసలు పెట్టారో లేదో.

మా లైసెన్సు నిబంధన ప్రకారం ఇతరుల కబుర్లు మేం మోయకూడదు, ఇతరులు మైకులో మాట్లాడకూడదు. ఆ మాటే అవ్వకి చెప్పాను. "నేనేం మాట్లాడను. వింటా," అని మంచం మీద కూర్చుంది. నేను పంతులుగారికి నా సంగతిగా నేను అద్దెకున్న ఇంటి గురించి చెప్పాను. ఇంటి ఓనరు అవ్వ ఒకప్పుడు ఫలానా తోట దగ్గర ఉండేదట, ఇప్పుడు నా పక్కనే కూర్చుని మీ తెలుగు వింటోంది, అన్నాను. ఆయన తెలివైనవాడు. ఇంకేమీ అడగలేదు. "ఆ తోట నేనెప్పుడూ చూడలేదు. సెలవుల్లో ఒకసారి పోయి చూసి వస్తా. ఏం చూసినానో మీకు చెబుతా," అన్నాడు. తర్వాత అవ్వకి వినబడాలని కాబోలు, ఆ తోటల్లో పొద్దున్నే పనివాళ్ళని ఎలా వరసగా నిలబెట్టేవాళ్ళో, రామనవమికి పానకం ఎలా పంచుతారో చెబుతూ పోయాడు. గొంతు పైకి తేలుతూ, కిందికి మునుగుతూ వచ్చింది. అవ్వ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కదలకుండా వింది.

వారాలు గడిచాయి. రోజూ సాయంత్రం అవ్వ మెట్లెక్కి, కర్ర నిటారుగా ఉందో లేదో చూసి దిగేది. నన్ను మాత్రం ఏమీ అడిగేది కాదు.

సెలవులయ్యాక పంతులుగారు మళ్ళీ పలికాడు. అవ్వని పిలిపించాను. వంటగదిలోంచి మా ఆవిడ కూడా వచ్చింది.

"నేను పోయిన ఊరి ముచ్చట చెబుతా," అని మొదలుపెట్టాడు. కొబ్బరి కొట్టేసి ఇప్పుడు పామాయిల్ చెట్లు వేశారట. అంగడి లేదట, యుద్ధంలోనే పోయిందట. అయితే అక్కడ కల్లు గీసే ముసలాయన ఒకడు ఉన్నాడు. తెలుగువాడు. అతనికి ఆ అంగడి బాగా గుర్తు. జపానువాళ్ళ కాలంలో బియ్యం దొరక్క జనం అల్లాడుతుంటే, ఆ షావుకారు దాచుకున్నదంతా తోటలో పంచాడట. జ్వరాలు వచ్చినప్పుడు ఆయనకీ తగిలింది. తోటవాళ్ళే చూసుకున్నారు.

"ఆయన్ని మోసిన నలుగురిలో నేనొకణ్ణి అని ఆ ముసలాయన చెప్పినాడు. ఏటి గట్టున దహనం చేసినారంట. కొడుకు లేడని, ముసలాయన వాళ్ళ నాయనే తలకొరివి పెట్టినాడంట. పదోరోజు తోటంతా కూడి అన్నం పెట్టినారంట. ఓవర్."

నేను జవాబివ్వాలి. మైకు మీట మీద వేలు పెట్టి అవ్వ వైపు చూశాను. అవ్వ నా వైపు చూడలేదు. రేడియో పెట్టె వైపే చూస్తూ, "ఏటి గట్టునా," అంది. మా ఆవిడ వైపు తిరిగి, "నలుగురూ మోసినారంట," అంది, అప్పటిదాకా తను ఆ మాట విననట్టు. తర్వాత లేచి, "నీళ్ళు తోడు తల్లీ," అంది. చావు కబురు అందినప్పుడు చేసే స్నానం అది. వెనక తొట్టి దగ్గర మా ఆవిడ ఆమె తల మీద చెంబుతో నీళ్ళు పోసింది. నేను అటు మనిషికి, ఆమె విన్నది, మీకు మా ఇంటిల్లిపాదీ దండం పెడుతున్నాం అని మాత్రం చెప్పగలిగాను.

మరునాడు అవ్వ తమ్ముణ్ణి పిలిపించింది. అయ్యవారిని పెట్టి, ఇన్నేళ్ళూ ఆగిపోయిన కర్మలు జరిపించింది. లైనులో అందరికీ ఆమె ఇంట్లోనే భోజనం. మూడో పోర్షను అక్క దగ్గరుండి వడ్డించింది. నా విస్తట్లో అవ్వ తన చేత్తో రెండోసారి పాయసం పోసింది.

మరుసటి ఏడాది ఆడికృత్తిక పండక్కి పంతులుగారు తిరుత్తణి కొండ మీది స్వామికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. గుండుతో, మెడలో పూలదండతో మా సందులోకి దిగాడు. గొంతు విని గుర్తుపట్టాను. మనిషిని చూడటం అదే మొదలు. మొట్టమాడి మీదికి తీసుకెళ్ళి ఏరియల్ చూపిస్తే నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేనా? నేను పెద్ద టవరు ఉంటాదనుకున్నానే!"

"ఇంతే. దీనికే చోటు దొరకడం కష్టమైంది."

కింద అవ్వ చాపేసి కూర్చుని ఉంది. ఆయన వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి నిబంధనలు లేవు, మీటలు లేవు. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. ఆమెకి ఎన్నో మలాయి మాటలు గుర్తున్నాయని మాకప్పుడే తెలిసింది. ఏదో మాటకి ఇద్దరూ పగలబడి నవ్వారు. అవ్వ అలా నవ్వడం మేమెప్పుడూ చూడలేదు. మా ఆవిడ నా మోచేయి పట్టుకుని, "మనం లోపలికి పోదాం రాండి," అంది.

ఆ ఇంట్లో ఇంకా కొన్నేళ్ళున్నాం. వెదురు ఒకసారి పగిలితే పొదటూరుపేట తీసుకెళ్ళి కొత్తదాని మీద చుట్టించుకొచ్చాం. ఆ తర్వాత తిరుత్తణిలో నాన్న ఇంటికే మళ్ళీ చేరాం. ఇప్పుడు నాకు దొడ్డి ఉంది, ఎంత పొడుగు తీగైనా కట్టుకోవచ్చు. కట్టాను కూడా. బాగానే పనిచేస్తుంది. కాని నా రేడియో జీవితంలో నేనెవరికైనా రుణపడి ఉన్నానంటే ఆ ఇరుకింటికే. చోటుంటే నేను ఎవరినీ ఏమీ అడిగేవాణ్ణి కాను. పెద్దాయన ఇంటికి వెళ్ళేవాణ్ణి కాను, మా మామ కర్ర తిప్పేవాడు కాదు, మా ఆవిడ వేళ్ళలో ఆ నేర్పు ఉందని నాకు తెలిసేది కాదు. నన్ను వెళ్ళగొట్టగలిగీ వెళ్ళగొట్టని ఆ అవ్వకి నేను థాంక్స్ చెప్పాననీ గుర్తులేదు. అలాంటి మాటలు ఆమె ముందు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. మేం ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను బండి కదులుతుంటే, పాత నూనెడబ్బా నిండా వడియాలు తెచ్చి మా ఆవిడ ఒళ్ళో పెట్టి, "నలిగిపోతాయి, పైన ఏమీ పెట్టొద్దు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.